కథనం నుంచి శ్రవణానికి: విశాఖపట్నం చిత్రకారుడు వి. రమేశ్ కళాప్రస్థానం

వ్యాససంగ్రహం

విశాఖపట్నం కేంద్రంగా చిత్రరచననూ, చిత్రకళాబోధననూ కలిపి సాగించిన వి. రమేశ్ (జ. 1958) కళాజీవితంలో రెండు దశలు స్థూలంగా కనిపిస్తాయి. మొదటిది బరోడా విద్యతో ముడిపడిన కథనాత్మక చిత్రణ. రెండవది తిరువణ్ణామలై ప్రభావంతో రూపొందిన భక్తిసంబంధ చిత్రణ. రెండవ దశ మొదటిదానికి విరామం కాదనీ, మొదటి దశలోని ప్రశ్నకే మరింత లోతైన సమాధానమనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వి. రమేశ్, విశాఖపట్నం, బరోడా, కథనాత్మక చిత్రకళ, రమణ మహర్షి, భక్తకవయిత్రులు.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఆధునిక చరిత్ర ఎక్కువగా పరిశ్రమల చరిత్రగానే రచింపబడింది. 1933లో ఓడరేవు ప్రారంభం, 1966 నాటి ఉక్కు ఉద్యమం, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన, 1992లో దాన్ని జాతికి అంకితం చేయడం ఆ చరిత్రలోని ప్రధాన ఘట్టాలు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈ నగరానికి విద్యాకేంద్రమనే గుర్తింపును తెచ్చింది. విశ్వకళాపరిషత్తు పేరులోనే 'కళ' ఉన్నా, నగరచరిత్రలో దృశ్యకళకు దక్కిన చోటు స్వల్పం. ఆ విశ్వవిద్యాలయంలోనే లలితకళల పట్టభద్రుడై, తరువాత అక్కడే దశాబ్దాల పాటు అధ్యాపకుడిగా పనిచేసిన రమేశ్ ప్రస్థానాన్ని పరిశీలించడం ఈ లోటును పూరించే ప్రయత్నాల్లో ఒకటి.

2. బరోడా విద్య: కథనానికి పునఃప్రవేశం

తెలుగు చిత్రకారులు ఉన్నతశిక్షణకై అన్యప్రాంతాలకు వెళ్ళడం కొత్త కాదు. దామెర్ల రామారావు (1897–1925) రాజమహేంద్రవరం నుంచి బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళాడు. అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్‌చౌదరి వద్ద శిక్షణ పొందాడు. 1960లలో కె. లక్ష్మాగౌడ్ బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ మార్గదర్శకత్వంలో కుడ్యచిత్రకళను అభ్యసించాడు. రమేశ్ కూడా స్నాతకోత్తర విద్యకు బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయాన్నే ఎంచుకున్నాడు.

రమేశ్ తరం బరోడా చేరిన నాటికి అక్కడి వాతావరణం ప్రత్యేకమైనది. 1981లో జరిగిన 'ప్లేస్ ఫర్ పీపుల్' ప్రదర్శనలో గులాం మొహమ్మద్ షేక్, భూపేన్ ఖఖర్, నళినీ మలానీ, సుధీర్ పట్వర్ధన్, వివాన్ సుందరం, జోగేన్ చౌదరి పాల్గొన్నారు. నైరూప్యకళకు ప్రాధాన్యం పెరిగిన సందర్భంలో మనిషిని, అతని పరిసరాన్ని, అతని కథను చిత్రఫలకం మీదికి తిరిగి తేవడం వారి సంకల్పం. ఈ వాతావరణం విద్యార్థుల ముందు ఒక మౌలికమైన ప్రశ్నను ఉంచింది: చిత్రం కథ చెప్పగలదా? చెప్పగలిగితే అది ఎవరి కథ? రమేశ్ తొలిదశ ఆకృతిప్రధాన చిత్రణ ఈ ప్రశ్న నుంచే రూపుదిద్దుకొన్నది. మలిదశలోనూ ఆ ప్రశ్న అతన్ని విడిచిపోలేదు.

3. అరుణాచల మార్గం

రమేశ్ మలిదశకు మూలం తిరువణ్ణామలై. అక్కడి రమణాశ్రమానికి తరచుగా వెళ్ళిరావడం, రమణ మహర్షి (1879–1950) బోధనలతో పరిచయం అతని చిత్రవస్తువును మార్చాయి.

తెలుగు సాంస్కృతిక చరిత్రలో ఈ మార్గం పాతదే. బొబ్బిలి సమీపంలోని కలువరాయిలో జన్మించిన కావ్యకంఠ గణపతి ముని 1907లో 'రమణ మహర్షి' అన్న పేరును లోకానికి ప్రకటించాడు. 1950లో చలం కుటుంబంతో తిరువణ్ణామలై చేరి, 1979లో మరణించేవరకు అక్కడే నివసించాడు. సమాజాన్ని ఎదిరించిన రచయిత ఆశ్రమవాసి కావడం పలాయనమా, అన్వేషణకు కొనసాగింపా అన్న చర్చ చలం విషయంలో సాహిత్యలోకానికి సుపరిచితం. రమేశ్ విషయంలోనూ అదే ప్రశ్న ఎదురవుతుంది. అయితే ఇద్దరి మధ్య ఒక భేదం ఉంది. చలం నివాసాన్నే మార్చుకొన్నాడు. రమేశ్ మాత్రం తిరువణ్ణామలైకి వెళ్తూ వస్తూ విశాఖలోనే పనిచేశాడు. ఆశ్రమంలోని మౌనమూ, తరగతిగదిలోని సంభాషణా రెండూ అతని నిత్యజీవితంలో భాగమయ్యాయి.

రమణుని రూపచిత్రణ చిత్రకారుడికి ఒక పరీక్ష. ఆ రూపం ఛాయాచిత్రాల ద్వారా ఇప్పటికే లక్షలాది గృహాల్లో ప్రతిష్ఠితమై ఉంది. దాన్ని యథాతథంగా అనుకరిస్తే పూజాపటమే మిగులుతుంది. పూర్తిగా విడిచిపెడితే ఆధారం జారిపోతుంది. సుపరిచితమైన రూపాన్ని అలాగే ఉంచి, దాన్ని చూసే పద్ధతిని మార్చడమే ఈ చిక్కుకు రమేశ్ కనుగొన్న మార్గం.

4. భక్తకవయిత్రులు: విన్న మాట, చూసిన రూపం

రమేశ్ మలిదశలో అత్యంత విశిష్టమైనది భక్తకవయిత్రుల చిత్రణ. కారైక్కాల్ అమ్మయార్, ఆండాళ్, 12వ శతాబ్దపు అక్క మహాదేవి, 14వ శతాబ్దపు కాశ్మీరీ కవయిత్రి లల్ల అతని చిత్రాల్లో పదేపదే సాక్షాత్కరిస్తారు. వీరిలో ఆండాళ్ గాథ తెలుగు పాఠకులకు శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ద్వారా ఆత్మీయమైనదే.

ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. ఈ నలుగురి జీవితగాథల్లోనూ స్త్రీ శరీరమే సంఘర్షణస్థలం. అమ్మయార్ తన సౌందర్యాన్ని పరిత్యజించి పేయ్ రూపాన్ని కోరుకొన్నది. అక్క మహాదేవి వస్త్రాలను విడిచి కేశాలనే ఆచ్ఛాదనగా చేసుకొన్నది. దిగంబరగా సంచరించినట్లు లల్లను గురించిన ఐతిహ్యం. ఆండాళ్ మానవమాత్రుడైన వరుణ్ణి నిరాకరించింది. చూపుకు లొంగడానికి నిరాకరించిన ఈ స్త్రీలను దృశ్యంగా మలచడం ఎట్లా అన్నది చిత్రకారుడికి సౌందర్యసమస్య మాత్రమే కాదు, నైతికసమస్య కూడా. వారిని నగ్నాకృతులుగా చిత్రించడమంటే వారు తిరస్కరించిన చూపునే మళ్ళీ వారిమీద నిలపడం.

ఈ సమస్యకు రమేశ్ సమాధానం కవిత్వంలో లభించింది. ఈ కవయిత్రుల రూపాలకు ప్రామాణికమైన ఆధారాలు లేవు. ఉన్నవి వారి పలుకులు. అందువల్ల అతని చిత్రాల్లో అక్షరం ప్రవేశించింది. అక్షరపంక్తులు ఆకృతుల వెనుక, ముందు, వాటిలోపల నడుస్తాయి. ప్రేక్షకుడు చూస్తూ చదవవలసివస్తుంది, చదువుతూ వినవలసివస్తుంది. బరోడా నేర్పిన కథనం ఇక్కడ శ్రవణంగా పరిణమించింది. 'ఎవరి కథ' అన్న ప్రశ్నకు, కథ చెప్పే అధికారాన్ని ఆ కవయిత్రులకే తిరిగి అప్పగించడం ద్వారా చిత్రకారుడు జవాబిచ్చాడు.

5. పొరల పద్ధతి

ఈ పరిణామానికి తోడ్పడినది అతని రచనాపద్ధతి. పెద్ద కాన్వాసులపై పలుచని పారదర్శక వర్ణలేపనాలను ఒకదానిపై ఒకటి పరచడం, ఒక రూపం మీదుగా మరొక రూపాన్ని నిలపడం ఇందులోని ప్రధానాంశాలు. కింది పొర పూర్తిగా మరుగున పడదు, పై పొర పూర్తిగా ఆక్రమించదు. చూపు కొంతసేపు నిలిస్తే తప్ప రూపం తేటపడదు. నీటిరంగులపై అతనికున్న అభిమానం కూడా ఈ పారదర్శకతతో సంబంధమున్నదే.

పండ్లు, పూలు వంటి సామాన్యవస్తువుల చిత్రణను సైతం ఈ దృష్టితోనే అర్థం చేసుకోవాలి. మిగలముగ్గి క్షీణించే ఫలం దేహానికీ, కాలానికీ ప్రతీక. భక్తికవిత్వం దేహపు అనిత్యతను వాక్కుతో చెప్పగా, ఈ చిత్రాలు అదే అనిత్యతను వస్తువు ద్వారా కనబరుస్తాయి.

6. నగరం, సంస్థ, స్మృతి

2014లో బెంగళూరులోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల రమేశ్ కృషిని సమగ్రంగా ప్రదర్శించింది. 'రిమెంబరెన్సెస్ ఆఫ్ వాయిసెస్ పాస్ట్' అన్న ఆ ప్రదర్శన శీర్షిక గతించిన గొంతుల స్మరణను సూచిస్తుంది. అతని కళకు కేంద్రం దృశ్యంతో పాటు స్వరం కూడానన్న ప్రతిపాదనకు ఈ శీర్షిక బలం చేకూరుస్తుంది.

అదే ప్రదర్శన మరొక వాస్తవాన్నీ గుర్తుచేస్తుంది. జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలకు ఢిల్లీ, ముంబై, బెంగళూరులలో కేంద్రాలున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు. విశాఖలో రూపొందిన కృషిని సమగ్రంగా దర్శించడానికి విశాఖ విద్యార్థి పొరుగు రాష్ట్రానికి వెళ్ళవలసివచ్చింది. చిత్రాలు ప్రైవేటు సంగ్రహాల్లోకి చేరినకొద్దీ వాటిపై తెలుగులో పరిశోధన మరింత కష్టతరమవుతుంది. సాహిత్యానికి గ్రంథాలయం ఎంత అవసరమో, కళాచరిత్రరచనకు చిత్రశాల అంతే అవసరం.

7. ఉపసంహారం

రమేశ్ ప్రస్థానాన్ని సామాజికం నుంచి ఆధ్యాత్మికానికి జరిగిన నిష్క్రమణగా వ్యాఖ్యానించడం సమంజసం కాదు. మనిషి కథను చిత్రంలోకి తేవాలన్న బరోడా సంకల్పం, ఆ కథను ఎవరు చెప్పాలన్న వివేచనగా తిరువణ్ణామలై మార్గంలో పరిపక్వమైంది. అక్షరం, పారదర్శకమైన పొర, క్షీణించే ఫలం ఈ వివేచనకు సాధనాలు. ఇతని చిత్రాలను మూలకవితాపాఠాలతో తులనాత్మకంగా పరిశీలించడం సాహిత్య, కళాచరిత్ర విభాగాలు కలిసి చేపట్టదగిన పరిశోధన. ఓడరేవు, ఉక్కు కర్మాగారాల చరిత్ర పక్కన ఈ చరిత్రకూ చోటు దొరికినప్పుడే విశాఖపట్నం కథ సమగ్రమవుతుంది.