తూము లేని కట్ట

తూము, అలుగు సరిగా లేని చెరువుకట్ట నిలవదని మన పల్లెల్లో నీరటికాడికి ఒకరు చెప్పనక్కరలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆ సత్యం 2,200కు పైగా ప్రాణాలను బలిగొన్నాక గాని తెలియలేదు.

అక్కడి సౌత్ ఫోర్క్ మట్టికట్టను రాష్ట్రప్రభుత్వం పడవల కాలువకు నీరందించడానికై 1853లో పూర్తిచేసింది. రైలుమార్గం రావడంతో కాలువ మూలపడి, కట్ట ప్రైవేటు వ్యక్తుల పరమైంది. నడుమ ఒక యజమాని అడుగునున్న ఇనుప తూముగొట్టాలను పెరికి తుక్కుగా అమ్ముకున్నాడు. 1879లో దానిని చేజిక్కించుకున్న సంపన్నుల విహారసంఘం గండిని ఏదో విధంగా పూడ్చి, బండ్లు నడవడానికి కట్ట ఎత్తు తగ్గించి, చేపలు జారిపోకుండా అలుగుకు ఇనుప జాలీలు బిగించింది. కార్నెగీ వంటి కుబేరులు ఆ సంఘ సభ్యులు.

దిగువన జాన్స్‌టౌన్‌లోని ఇనుప కర్మాగారం పక్షాన జాన్ ఫుల్టన్ 1880లో కట్టను పరీక్షించాడు. నీటిని దించే తూము లేదనీ, మరమ్మతు చాలదనీ తెలిపాడు. ఖర్చులో పాలుపంచుకుంటామని కర్మాగారం వారన్నా సంఘం అంగీకరించలేదు. మీకు ప్రమాదమేమీ లేదని బదులిచ్చింది.

1889 మే 31న కుండపోతకు నీరు కట్టమీదుగా పొర్లి, కట్ట తెగింది. సుమారు గంటలో 14 మైళ్ల దిగువనున్న జాన్స్‌టౌన్ కొట్టుకుపోయింది. న్యాయస్థానాలలో సంఘం నుండి బాధితులకు పరిహారమేమీ దక్కలేదు.

నన్ను కలచివేసేది ఆనాటి వాన కాదు, ఆ నడుమ గడచిన తొమ్మిదేళ్లు. కట్ట ఒకరి సొత్తు కావచ్చు. దాని దిగువన నిద్రించేవారి ప్రాణాలు ఎవరి సొత్తూ కావు. తూము పెట్టించడానికి తొమ్మిదేళ్లు చాలవా?