బెర్లిన్‌కు ముందే తెగిన జంట తీగలు

మాండలిన్ శ్రీనివాస్ జాజ్ ప్రస్థానాన్ని మనవాళ్లు రెండే మజిలీల్లో చెప్పేస్తారు: 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం, ఆ తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాక్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందం. మొదటిదానికి ఇచ్చే ప్రాధాన్యం ఎక్కువ, రెండోదాని మీద ఉన్న స్పష్టత తక్కువ.

1969లో పాలకొల్లులో పుట్టడం, 1978లో గుడివాడలో తొలి కచేరీ అందరికీ తెలిసినవే. ఏడేళ్ల వయసులోనే గిటారిస్టు వాసూరావు ఆయనకు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారన్న సంగతి మాత్రం పెద్దగా చెప్పుకోరు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, కుర్రాడు విని వాయించేవాడు. గొంతులో పలికే గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చే తీరు, మామూలు మాండలిన్ జంట తీగల మీద సరిగా పలకదు. అందుకే శ్రీనివాస్ నాలుగు జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు బిగించిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. ఒంటి తీగను మెట్టు మీద పక్కకు లాగితే స్వరం సాగుతుంది. ఎలక్ట్రిక్ గిటారిస్టుకీ అదే ప్రాణం. బెర్లిన్ ఆయన్ని లోకానికి చూపించిన మాట నిజమే. మెక్‌లాక్లిన్‌తో జవాబుకు జవాబు ఇవ్వగలిగే శక్తి మాత్రం ఈ తీగల్లోంచి వచ్చిందని నా వాదన.

ఇక ఆల్బమ్‌ల చిక్కు. 1995లో గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన 'డ్రీమ్' వచ్చింది. అది స్టూడియోలో పొరలు పేర్చి చేసిన పని, జాజ్ అనడానికి నాకు మనసొప్పదు. 1997 నాటి బ్రిటన్ కచేరీలు 1999లో 'రిమెంబర్ శక్తి' పేరుతో జంట సీడీగా విడుదలయ్యాయి. బృందం పేరూ అదే కావడంతో అందులో శ్రీనివాస్ ఉన్నారనుకోవడం తేలిక. నిజానికి అక్కడ వినిపించేది హరిప్రసాద్ చౌరాసియా వేణువు. శ్రీనివాస్ చేరాక 1999లో చేసిన కచేరీల నుంచి 2000లో 'ది బిలీవర్' వచ్చింది. 'లోటస్ ఫీట్' రెండింటిలోనూ ఉంది, పక్కపక్కన పెట్టి వినండి. వేణువు ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని నిలుపుతుంది. మాండలిన్ నాదం మీటిన మరుక్షణం నుంచే సన్నగిల్లుతుంది. ఆ లోటును శ్రీనివాస్ గమకంతో పూడుస్తారు.

2001 నాటి 'సాటర్డే నైట్ ఇన్ బాంబే'లో అతిథుల సందడి పెరిగి మెక్‌లాక్లిన్, శ్రీనివాస్‌ల మధ్య సంభాషణ పలచబడింది. 2014లో, 45 ఏళ్లకే ఆయన వెళ్లిపోయారు. మెక్‌లాక్లిన్ శక్తి బృందం 2023లో తెచ్చిన 'దిస్ మొమెంట్' మరుసటి ఏడాది గ్రామీ అందుకుంది. అందులో పనితనానికి లోటు లేదు, తెగింపే తక్కువ. ఆ అవార్డును చూసి మురిసిపోయే మనం 'ది బిలీవర్'ను పాత సీడీల్లో వదిలేస్తే, తెలుగు చేతుల నుంచి జాజ్‌కు అందిన అసలు పని ఏదో మనకే తెలియదన్నమాట.