డిస్రప్షన్ అంటే అంతరాయమేనా?
కొత్త యాప్ ఏది వచ్చినా ఆ రంగంలో ‘డిస్రప్షన్’ వచ్చిందని రాసేస్తున్నారు. అదే మాట పరిశోధన వార్తల్లో ‘అంతరాయం’ అయిపోతోంది. రెండూ సరికావు. లాటిన్‌లో ‘రుంపెరె’ అంటే పగలగొట్టడం, ‘డిస్’ అంటే విడివిడిగా. కరప్షన్ ఈ ఇంటిదే. మనం రోజూ అనే ‘రూటు’ కూడా, పగలగొట్టి తెరిచిన దారి అనే అర్థమున్న ‘రుప్త’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందే. ఎంత చక్కని చుట్టరికం! 1995లో వ్యాపార పరిశోధకులు బోవర్, క్రిస్టెన్సెన్ ‘డిస్రప్షన్’కు వ్యాపారంలో కచ్చితమైన అర్థం ఇచ్చారు: చౌకగా, మొదట నాసిగా, పెద్ద కంపెనీలు పట్టించుకోని కొనుగోలుదార్ల దగ్గర పుట్టి పైకి పాకేది. ట్యాక్సీ యాప్ ఉబర్ అలా పుట్టలేదు గనుక ఆ కోవలోకి రాదని క్రిస్టెన్సెన్ 2015లో సహరచయితలతో కలిసి తేల్చిచెప్పారు. శాస్త్రంలో కొలత వేరు: ఒక పత్రాన్ని ఉదహరించేవారు దానికి ఆధారమైన పాత పత్రాలను ఇక తలవకపోతే అది డిస్రప్టివ్. ఈ గుణం దశాబ్దాలుగా తగ్గుతోందని 2023లో ‘నేచర్’ ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఇక ‘అంతరాయం’ అంటే మధ్యలో అడ్డొచ్చేది. తొలగితే పాత పనే సాగుతుంది. ఆ మాట కరెంటు కోతకు సరిపోతుంది గానీ డిస్రప్షన్‌కు కాదు. నాకు ‘విప్లవం’ దగ్గరనిపిస్తుంది. తేలడం, ఈదడం అర్థాలున్న ‘ప్లు’ ధాతువు దానిది. సంస్కృతంలో ఆ మాటకు అర్థం కల్లోలం, వినాశం. ‘హరిత విప్లవం’ నాటికి తెలుగులో మేలు కూడా అందులో చేరింది.