ఆర్టురో టోస్కనీనీ: వాద్యబృంద నాయకుడు

మన సంగీత సభలలో గాయకుడే నాయకుడు. వయొలిన్, మృదంగము ఆయన మనోధర్మము ననుసరించి నడచును. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రా పద్ధతి వేరు. అందు నూరుమంది వరకు వాద్యకారు లుందురు. ఎవరు వాయింపవలసిన స్వరములు వారి యెదుట కాగితముపై వ్రాసియుండును. ఆ నూరుమందిని ఒక్క మనస్సుగా నడపుటకు ఒక నాయకుడు నిలిచియుండును. ఆయన చేతిలో చిన్న బెత్తము తప్ప వాద్య మేదియు నుండదు. ఇందరి నడుమ ఏ వాద్యమును మ్రోగింపనివాడు ఆయన యొక్కడే.

ఈ పదవి మనకు పూర్తిగా క్రొత్తది కాదు. 1952లో ఆకాశవాణి వాద్యవృందము నెలకొన్నప్పుడు దానికి రవిశంకర్ గారు సారథ్యము వహించిరి. పిమ్మట మన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారును ఆ బాధ్యతను నిర్వహించిరి. పాశ్చాత్య దేశములలో ఈ పదవికి అపారమైన కీర్తి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు ఆర్టురో టోస్కనీనీ.

1867 మార్చి 25వ తేదీన ఇటలీలోని పార్మా నగరమున, ఒక దర్జీ యింట ఆయన జన్మించెను. తండ్రి క్లౌడియో స్వాతంత్ర్యవీరుడగు గారిబాల్డీ వెంట పోరాడినవాడు. బాలుడు తొమ్మిదవ యేట స్థానిక సంగీత కళాశాలలో చేరి, చెల్లో వాద్యము నభ్యసించి, 1885లో పట్టము పొందెను. చెల్లో వయొలిన్ జాతికి చెందిన పెద్ద వాద్యము. మోకాళ్ల నడుమ నిలిపి వాయింతురు.

మరుసటి యేడు ఒక ఒపేరా బృందములో వాద్యకారుడుగా ఆయన దక్షిణ అమెరికాకు పయనించెను. ఒపేరా యనగా ఆద్యంతము పాటతో నడచు నాటకము. రియో డి జనీరో నగరమున కలహములు పుట్టి, ఆ బృంద నాయకుడు పని విడిచిపోయెను. అతని స్థానమున వచ్చినవానిని ప్రేక్షకులు కేకలు వేసి నిలువనీయలేదు. వెర్డీ రచించిన 'ఐదా' నాటక మారంభము కావలసియున్నది. తోడివారి బలవంతముపై, పందొమ్మిదేండ్ల యీ చెల్లో వాద్యకారుడు వేదిక నెక్కి, స్వరగ్రంథమును మూసివేసి, నాటకము నంతటిని జ్ఞాపకము నుండియే నడపెను. ఆ రాత్రితో ఆయన వృత్తి మారిపోయెను.

ఆయన దృష్టి చాల మందము. పుస్తకము దూరముగానున్న అక్షరములు కనిపించెడివి కావు. అందువలన ప్రతి కృతిలోని ప్రతి వాద్యపు స్వరమును కంఠస్థము చేసికొనెను. మన అవధానుల ధారణ నెఱిగినవారికి ఇది అద్భుతమైనను అపరిచితము కాదు.

1892లో లియోన్‌కవల్లో 'పాల్యాచ్చీ'ని, 1896లో పుచ్చీనీ 'లా బొహేమ్'ను మొట్టమొదట ప్రదర్శింపజేసినది ఆయనయే. 1898లో మిలాన్ నగరపు సుప్రసిద్ధ లా స్కాలా నాటకశాల ఆయన చేతికి వచ్చెను. ప్రదర్శన వేళ సభలో దీపములు తగ్గింపవలెననియు, పాటను మరల పాడించుట కూడదనియు ఆయన నిర్ణయించెను. పద్యనాటకములలో 'వన్స్‌మోర్' కేకలు వినిన మనకు ఈ నిర్ణయమెంత సాహసమో తెలియును. 1903లో ప్రేక్షకులు పట్టుబట్టగా, ఆయన ప్రదర్శన నడుమనే వెడలిపోయెను. రచయిత వ్రాసినదే శాసనము, దానికి తక్కినవారందఱు సేవకులని ఆయన నియమము. అభ్యాస సమయమున ఆయన కోపమునకు వాద్యకారులు వణకెడివారు. విరిగిన బెత్తములకు లెక్కలేదు. కాని ఆ కోపమునకు తానును మినహాయింపు కాడు.

ఈ నియమము సంగీతశాలకే పరిమితమై యున్నచో ఆయన గొప్ప కళాకారుడుగా మాత్రమే మిగిలియుండును. కాలము అంతకు మించిన పరీక్ష పెట్టెను. 1919లో ముస్సోలినీ పక్షపు అభ్యర్థుల పట్టికలో టోస్కనీనీ పేరును కలదు. ఆ పక్షము నిజరూపము తెలిసిన పిమ్మట ఆయన దానికి బద్ధవిరోధి యయ్యెను. ఫాసిస్టు గీతమును లా స్కాలాలో వాయింపనీయలేదు. 1931 మే 14న బొలోన్యా నగరమున ఆ గీతమును వాయించుటకు నిరాకరింపగా, అరువది నాలుగేండ్ల వృద్ధుని నాటకశాల వాకిటనే ఫాసిస్టులు ముఖముపై కొట్టిరి. ప్రభుత్వము ఆయన పాస్‌పోర్టును కొంతకాలము లాగికొనెను. ఫాసిజము కూలువఱకు ఆయన ఇటలీలో మరల బెత్తము పట్టలేదు.

1933లో జర్మనీలోని యూదు సంగీతజ్ఞులను హింసించుటను నిరసించుచు హిట్లరునకు పంపిన తంతిపై మొదటి సంతకము ఆయనదే. వాగ్నరు కృతులకు పుణ్యక్షేత్రమగు బైరాయిట్‌కు రమ్మని హిట్లరు స్వయముగా వ్రాసినను ఆయన పోలేదు. వాగ్నరు సంగీతము ఆయనకు ప్రాణప్రదము. ఆ త్యాగపు వెల దీనినిబట్టి గ్రహింపవచ్చును. 1936 డిసెంబరు 26న, నాజీల వలన బ్రతుకు తెరువు కోల్పోయిన వాద్యకారులతో పాలస్తీనాలో ఏర్పడిన బృందపు తొలి కచేరీని టెల్ అవీవ్‌లో ఆయన ప్రతిఫలము పుచ్చుకొనక నడపెను.

మా ప్రసారవృత్తికి ఆయనతో గల బంధము డెబ్బదవ యేట మొదలయ్యెను. అమెరికాలో ఎన్.బి.సి. రేడియో సంస్థ ఆయన కొఱకే ఒక వాద్యబృందమును సమకూర్చెను. 1937 డిసెంబరు 25న తొలి ప్రసారము. టిక్కెట్టు కొనలేనివారును, నాటకశాల మొగము చూడని పల్లెవాసులును బేథోవెన్‌ను, బ్రామ్స్‌ను ఇంటనే వినగలిగిరి. 1942 జూలై 19న, షోస్టకోవిచ్ ఏడవ సింఫనీ అమెరికాలో మొట్టమొదట వినిపించినది ఈ రేడియోలోనే. ముట్టడిలోనున్న లెనిన్‌గ్రాడ్‌కు అంకితమైన ఆ కృతి, మైక్రోఫిల్ముగా టెహరాన్, కైరోల మీదుగా వచ్చెను.

యుద్ధానంతరము, బాంబులకు కూలి మరల లేచిన లా స్కాలాను 1946 మే 11న ఆయనయే ప్రారంభించెను. స్వదేశమున పదునైదేండ్ల మౌనము నాటితో ముగిసెను.

1954 ఏప్రిల్ 4న న్యూయార్కులో కడపటి ప్రసారము. కార్యక్రమమంతయు వాగ్నరు కృతులే. నడుమ ఒకచోట ఎనుబది యేడేండ్ల నాయకుని జ్ఞాపకము తడబడెను, చేయి ఆగెను. కంగారుపడిన ప్రసారకులు ఆ కచేరీని త్రుంచి, కొన్ని క్షణములు బ్రామ్స్ రికార్డును వినిపించిరి. వేదికపై మాత్రము కచేరీ సాగినది. కడవఱకు నడపి, ఆయన వెడలిపోయెను. 1957 జనవరి 16న న్యూయార్కులో కన్నుమూసి, మిలాన్‌లో సమాధి చేయబడెను.

ప్రసారశాలలో నిశ్శబ్దమన్న మాకును భయమే. ఆనాటి ఉద్యోగుల తొందరపాటును మేము అర్థము చేసికొనగలము. ఐనను, అరువది యెనిమిదేండ్లు స్మృతిపైననే నిలిచిన యొక జీవితమునకు ఆ కొన్ని క్షణముల తడబాటు కళంకము కాదు. వాయింపదగినదానిని వ్రాసినది వ్రాసినట్లు వాయించుట, వాయింపరానిదానిని ఎవ రాజ్ఞాపించినను వాయింపకుండుట: ఈ రెండును ఆయనకు ఒక్కటే ధర్మము. ఆయన రికార్డులలో మొదటిది నేటికిని వినబడుచున్నది. రెండవదానిని చరిత్రయే వినిపింపవలెను.