మోటుపల్లి: తీరాన ఒక చిన్న ఊరు, ఒక అభయ శాసనం

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో సముద్రానికి చేరువగా మోటుపల్లి అనే చిన్న గ్రామం ఉంది. 1970 వరకు ఇది గుంటూరు జిల్లాలోది. తర్వాత ప్రకాశం జిల్లాలో ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. ఇప్పుడు చూసేవారికి ఇక్కడొక ఓడరేవు ఉండేదని తోచదు. అయినా ఈ ఊరి పేరెత్తకుండా కాకతీయుల ఆర్థిక చరిత్ర రాయలేము. అందుకు కారణం వీరభద్రస్వామి ఆలయంలోని స్తంభ శాసనం.

దీన్ని కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించాడు. దీనికే అభయ శాసనం అని పేరు. అభయం ఎవరికి, ఎందుకు అన్నది మీరు జాగ్రత్తగా గమనించాలి. తుఫానుకు దారి తప్పిన ఓడ గానీ, పగిలిన ఓడ గానీ ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని శాసనమే ఒప్పుకుంటుంది. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చిన వర్తకుడికి తుఫాను ఒక దెబ్బ అయితే, రాజభటులు రెండో దెబ్బ. ఇక మీదట నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ సుంకం సరుకు విలువలో ముప్పైవ వంతు. దయ, కీర్తి, ధర్మం కోసమే ఇలా చేస్తున్నట్లు రాజు చెప్పుకున్నాడు. అది నిజమే కావచ్చు. కానీ ఓడలు రాకపోతే సుంకమూ రాదన్న లెక్క ఆయనకు తెలియనిది కాదు.

శాసనంలోని సరుకుల జాబితా ఆసక్తికరమైనది. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు అందులో కనిపిస్తాయి. నేడు గుంటూరు పేరు చెప్పగానే గుర్తొచ్చే మిరప మాత్రం లేదు. అది అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల రాక తర్వాతే మన నేలకు చేరింది.

పదమూడో శతాబ్దం చివర మార్కో పోలో ఈ ప్రాంతాన్ని ‘ముత్ఫిలి’ అన్నాడు. ఇక్కడి నూలు వస్త్రాల సన్నదనాన్ని సాలెగూటితో పోల్చాడు. లోపలి నల్లరేగడి నేలల పత్తినీ, తీరపు మగ్గాలనూ ఎరిగినవారు ఈ మాటను తేలిగ్గా నమ్మవచ్చు. గద్దలు మాంసపు ముక్కలతో పాటు వజ్రాలు పైకి తెస్తాయన్న కథను మాత్రం నమ్మనక్కర్లేదు. రాణి గురించి అతడు చెప్పినదాన్నీ సరిచూసుకోవాలి. భర్త చనిపోయాక నలభై ఏళ్లు ఏలిన వితంతువని రాశాడు. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె, భార్య కాదు. పైగా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289 నాటికే మరణించింది. పోలో చైనా నుంచి బయలుదేరింది 1292 ప్రాంతంలో. అంటే ఇది విన్న కబురే. యాత్రికుడి రాతను శాసనం పక్కన పెట్టి చదవడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి గ్రహించండి.

కాకతీయుల తర్వాత కొండవీటి రెడ్లు రేవును పట్టించుకున్నారు. 1358లో అనపోతారెడ్డి ఇక్కడ మరో శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు ఆదరణ ప్రకటించాడు. ఒక రాజు ఇచ్చిన మాటను మరో వంశం వారు మళ్లీ ఇవ్వవలసి వచ్చిందంటే, నడుమ వర్తకుల నమ్మకం సడలిందని ఊహించవచ్చు. శ్రీనాథుని ‘హరవిలాసం’ అంకితం పొందిన అవచి తిప్పయసెట్టి ఆ కాలపు విదేశీ వర్తకుడే. 1611లో ఇంగ్లీషువారు ఈ తీరానికి వచ్చినప్పుడు దిగింది నిజాంపట్నం, మచిలీపట్నాలలో. మోటుపల్లిలో కాదు.

మోటుపల్లి చూడబోయేవారు చినగంజాం ఉప్పు మడులను, వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని కూడా చూడవచ్చు. ఆ పైది చీరాల. 1921లో పురపాలక పన్నులు కట్టలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది చీరాల, పేరాల విడిచి ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు గడిపారు.