ఖాళీ అనుకున్న 301

శనివారం అర్ధరాత్రి దాటి 1 గంట 38 నిమిషాలైంది. హైదరాబాద్‌లో మా ఆఫీసు ఆరో అంతస్తులో ఆ రాత్రి డ్యూటీ నాది. ఎదురుగా రెండు మానిటర్లు. ఎడమ దాంట్లో ఏ వైపు స్విచ్చు, కుడి దాంట్లో బి వైపు స్విచ్చు. ఎడమవైపు ఒక్క వరుస కొట్టి ఎంటర్ నొక్కాను.

నో వీశాన్ 301.

స్విచ్చు ఏమీ అనలేదు. కర్సరు మళ్లీ వచ్చి మినుకుమంటూ నిలబడింది. నేను రాసుకున్న పత్రం ప్రకారం పది నిమిషాలు ఆగి, కుడివైపు దాని జోడీ 302ని కూడా తీసేయాలి. ఆ వరుసను ముందే అతికించి పెట్టుకున్నాను. ఎంటర్ నొక్కడమే తరువాయి.

1:44కి ఫోను మోగింది. ఒక ఆసుపత్రిలో ల్యాబు రిపోర్టుల సర్వరు ఆగిపోయింది. ఆ ఆసుపత్రి పేరూ, మా కంపెనీ పేరూ ఇక్కడ రాయడం లేదు. తప్పు నా చేతిది.

ఆ స్విచ్చుల గురించి కాస్త చెప్పాలి. పెద్ద సంస్థల్లో సర్వరు ఒకచోట, దాని డిస్కులు వేరొకచోట ఉంటాయి. రెంటినీ కలిపేది ఫైబర్ ఛానల్ అనే ప్రత్యేకమైన నెట్‌వర్కు. సన్నటి గాజు తీగలో వెలుగు రూపంలో సమాచారం పరుగెడుతుంది. డిస్కు తన ఒంట్లోనే ఉందని సర్వరు నమ్ముతుంది. ఆ నమ్మకం కొన్ని క్షణాలు తెగినా ఓర్చుకుంటుంది, నిమిషాల తరబడి తెగితే ఓర్చుకోలేదు. అందుకే ప్రతి సర్వరుకూ రెండు దారులు వేస్తారు. ఒకటి ఏ స్విచ్చు గుండా, ఇంకొకటి బి స్విచ్చు గుండా. ఈ రెండు స్విచ్చులకూ మధ్య ఒక్క తీగ కూడా ఉండదు. ఒకవైపు పొరపాటు రెండోవైపు పాకకూడదని అలా విడదీస్తారు.

ఒక్కో స్విచ్చులో వందల పోర్టులు. పరీక్షలకో స్విచ్చు, అసలు పనికో స్విచ్చు, బ్యాకప్‌కో స్విచ్చు కొనాలంటే తలకు మించిన ఖర్చు. సిస్కో 2002లో ఎండీఎస్ 9000 శ్రేణితో పాటు వీశాన్ అనే పద్ధతి తెచ్చింది. ఒకే పెట్టెలోని పోర్టులను అంకెలతో విడదీసి, ఒక్కో గుంపునూ విడి స్విచ్చులా నడిపించడం. బ్రొకేడ్ వాళ్లు దీన్నే లాజికల్ స్విచ్ అంటారు, 1 నుంచి 128 వరకు ఒక అంకె ఇస్తారు. ఉమ్మడి ఇంటిని గోడలు పెట్టి వాటాలు చేసినట్టే. ఒక్కో వాటాకు దాని చిరునామాలు, దాని జోన్లు (ఎవరికి ఎవరు కనబడాలో చెప్పే జాబితాలు), దాని పేర్ల పట్టిక ఉంటాయి. ఇక్కడ గోడ కట్టేది మాత్రం ఇటుకలతో కాదు, అంకెతో. ఇటుక గోడ కూలుస్తుంటే అవతల మనిషి ఉన్నట్టు వినబడుతుంది. అంకెను చెరిపేస్తే ఏమీ వినబడదు.

301 అలాంటి వాటానే. ఏళ్ల కిందట పాత డిస్కుల నుంచి కొత్త డిస్కులకు సమాచారం తరలించడానికి తాత్కాలికంగా కట్టారు. తరలింపు అయిపోయింది, ఎక్సెల్ పట్టికలో ఎదురుగా 'ఖాళీ' అని ఉంది. దాన్ని తీసేయడానికి మార్పు పత్రం రాసింది నేనే. రుజువుగా స్విచ్చు ఇచ్చిన జవాబు కూడా అతికించాను. ఒక్క పోర్టు కూడా లేదని చెప్పే జవాబు అది. ముగ్గురు చూసి సరే అన్నారు.

ఆ జవాబు 310ది. నేను అడిగిన అంకె అది. 310 నిజంగానే ఖాళీ.

అన్న ఫోను మొదటి రింగుకే ఎత్తాడు. మా టీమ్ లీడ్‌ని అందరం అన్న అనే పిలుస్తాం. కరీంనగర్ మనిషి.

"ఏం జేసినవ్?"

"301 తీసేశానన్నా. ఏ వైపు. ఖాళీ అనుకున్నా. తొమ్మిది పోర్టులున్నాయి. అన్నీ 4094లోకి పోయాయి."

"బి దిక్కు ముట్టుకున్నవా?"

"లేదన్నా. కమాండు కొట్టి ఉంది, ఎంటర్ నొక్కలేదు."

"కీబోర్డు మీదికెల్లి చేతులు తియ్యి. ఆ విండో మూసెయ్. మూసినంక జెప్పు."

మూశాను. వేళ్లు వణికాయి. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ వణుకు మళ్లీ గుర్తొస్తోంది.

వీశాన్‌ను చెరిపేస్తే దాంట్లోని పోర్టులు పక్క వాటాలోకి వెళ్లవు. 4094 అనే వెలి వీశాన్‌లో పడతాయి. అక్కడ ఎవరికీ ఎవరూ కనపడరు. తొమ్మిది పోర్టుల్లో రెండు డిస్కులవి, ఏడు సర్వర్లవి. ఆరు సర్వర్లు తడబడినా బి దారిలో నడుస్తూనే ఉన్నాయి. ఏడోది ల్యాబు సర్వరు. దాని బి దారి నెలల కిందటే చచ్చిపోయింది. ఏ దారి బాగున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి, వందల హెచ్చరికల కింద పడి ఉన్నాయి.

2 గంటలకల్లా కాన్ఫరెన్స్ కాల్‌లో పదకొండు మంది చేరారు. ఆసుపత్రి ఐటీ అతను మాట్లాడుతుంటే వెనక మాటలు వినబడుతున్నాయి. రిపోర్టు తెర మీద రాకపోతే ల్యాబు వాళ్లు చీటీ మీద రాసి వార్డుకు మనిషిని పంపుతున్నారు. ఐసీయూ నుంచి ఎవరో ఫోనులో పొటాషియం ఎంతని అడుగుతున్నారు. ఇవతలి గొంతు అంకె చెప్పి, "మళ్లీ మీరు చెప్పండి" అంటోంది.

కాల్‌లో ఒకరు అన్నారు: "స్విచ్చు రీలోడ్ చేస్తే పాత కాన్ఫిగరేషన్ వచ్చేస్తుంది కదా?" వస్తుంది, నిజమే. మార్పును నేనింకా సేవ్ చేయలేదు. కానీ ఆ స్విచ్చు మీద మిగతా వీశాన్‌లన్నీ ఉన్నాయి. వాటిలో ఇంకెన్ని సర్వర్లకు రెండో దారి చచ్చి ఉందో ఆ క్షణాన ఎవరికి తెలుసు? ఇంకొకరన్నారు: "ల్యాబు సర్వరు బి కేబులు పీకి మళ్లీ పెట్టిస్తే?"

అన్న గొంతు పెంచలేదు. "సింగపూర్ల డీబీఎస్ బ్యాంకు సంగతి యాదికున్నదా? 2010 జులై."

నాకు తెలియదు. ఆ తర్వాత చదివాను. మెయిన్‌ఫ్రేమ్‌కు కలిపిన డిస్కుల యంత్రంలో ఒక లంకె సరిగా లేదని జులై 3న హెచ్చరిక వచ్చింది. ఇంజినీరు వచ్చి కేబులు మార్చాడు, కానీ మార్చిన పద్ధతి తప్పు. అయినా హెచ్చరిక ఆగింది. అక్కడే మోసం జరిగింది. తప్పు పద్ధతే సరైనదిలా కనబడింది. మర్నాడు హెచ్చరిక మళ్లీ వస్తే అదే పద్ధతిలో పీకి పెట్టారు. 5వ తేదీ తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో అదే తీరున మళ్లీ మార్చారు. ఈసారి సమాచారం చెడిపోయే ప్రమాదం రావడంతో డిస్కుల యంత్రం దాన్ని కాపాడుకోవడానికి మెయిన్‌ఫ్రేమ్‌తో మాట్లాడటమే మానేసింది. ఏటీఎంలు, బ్రాంచీలు పూర్తిగా కోలుకునేసరికి ఉదయం పది కావచ్చింది. బ్యాంకు అధిపతి ఖాతాదారులకు ఉత్తరం రాసి ఏం జరిగిందో వివరించాడు. సుమారు 23 కోట్ల సింగపూర్ డాలర్ల మూలధనాన్ని అదనంగా పక్కన పెట్టమని అక్కడి కేంద్ర బ్యాంకు ఆదేశించింది. తాను చేసినది ఏమిటో తెలియకుండా అదే పని మళ్లీ చేసిన చెయ్యే ఆ బ్యాంకును ఆపింది.

"ఏ దిక్కు సరిగా నిలబడేదాంక బి దిక్కు ఎవ్వలు ముట్టొద్దు," అన్నాడు అన్న. "రీలోడ్ లేదు. సేవ్ అయిన ఫైలు తెరువు. 301 ముక్క మొత్తం తీసి చదువు."

మళ్లీ 301 అని పేరు పెట్టినంత మాత్రాన పోర్టులు వాటంతటవి ఇంటికి రావు. ఒక్కోదాన్నీ చేయిపట్టి తేవాలి. జోన్లు కూడా పోయాయి, మళ్లీ రాయాలి. నేను వెంటనే పోర్టులు చేర్చబోయాను. అన్న ఆపాడు.

"ముందుగాల డొమైన్ నెంబరు. పాతదే పెట్టు. లేకుంటే స్విచ్చు దానికి నచ్చింది తీసుకుంటది, చిరునామాలు మారుతయ్. ఆ ఏడిట్ల రెండు పాత యూనిక్స్ డబ్బాలున్నయ్. చిరునామా మారితే వాటికి డిస్కు ఆనది."

నాకు తట్టని విషయం. రెండో దారి మీద బతికి ఉన్న యంత్రాలకు నా మరమ్మతుతో కొత్త చిక్కు తెచ్చేవాణ్ణి.

డొమైన్ పెట్టాం. తర్వాత జోన్లు. ఫైబర్ ఛానల్‌లో ప్రతి పోర్టుకూ పుట్టుకతో వచ్చే పేరు ఒకటుంటుంది. పదహారు అంకెలు, అక్షరాలు. రెండేసి చొప్పున ఎనిమిది జతలు. అతికించాక కూడా ప్రతి పేరునూ పైకి చదవమన్నాడు అన్న. నేను తెర మీద ఉన్నది చదవాలి, ఆయన తన దగ్గరి పాత బ్యాకప్ చూసి అవునో కాదో చెప్పాలి. తొమ్మిది పేర్లు. నాలుగో పేరు దగ్గర నోరు ఎండిపోయింది. నీళ్లు తాగి మళ్లీ మొదటి జత నుంచి చదివాను. కాల్‌లో ఎవరూ తొందరపెట్టలేదు.

2:51కి జోన్లు అమల్లో పెట్టాం. ముందు డిస్కుల పోర్టులు, తర్వాత సర్వర్లవి ఒక్కొక్కటిగా 301లోకి తెచ్చాను. 'షో ఫ్లోగి డేటాబేస్ వీశాన్ 301' అని కొడితే ఎవరెవరు లాగిన్ అయ్యారో వరుసగా వస్తుంది. ఒకటి, రెండు, ఐదు. ల్యాబు సర్వరు ఎనిమిదోది. ఆ వరుసను ఎన్నిసార్లు చూశానో. పత్రం రాసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న సరైన అంకెతో అడిగి ఉంటే నాలుగు సెకన్లలో తెలిసేది.

డిస్కు కనబడగానే పని అయిపోలేదు. ఫైల్ సిస్టమ్ తనను తాను కాపాడుకోవడానికి రాత నిలిపేసి ఉంది. దాన్ని సరిచూసి, డేటాబేస్ లేపేసరికి 3:50 అయింది. ఆసుపత్రి అతను ఒక మాటన్నాడు: "ఆగిపోయే ముందు ఎక్కిన చివరి పది రిపోర్టులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడకుండా డాక్టర్లకు ఇవ్వను." ల్యాబు టెక్నీషియన్‌ను లైనులోకి తెచ్చాడు. ఆమె చేతిలో పరీక్ష యంత్రం అచ్చు వేసిన కాగితాలు, అతని ఎదుట తెర.

మేమంతా మ్యూట్‌లో ఉన్నాం. ఆమె గొంతు అలసిపోయి ఉంది, తొందర మాత్రం లేదు.

"తొమ్మిదోది. సోడియం 136."

"136."

"పదోది. 1:37కి అచ్చయింది. పొటాషియం 3.8. మీ దగ్గర?"

కాసేపు ఏమీ వినబడలేదు. మౌస్ చప్పుడు.

"3.8, మేడమ్."