ఎల్‌.ఎం.ఎస్‌. డాక్టరు

రాత్రి బండి సింగరాయకొండ స్టేషన్లో ఆగింది. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన ఓ గోదావరి కుర్రాడు. ఒళ్లో గుడ్డసంచి. రాజమండ్రిలో మెట్రిక్యులేషన్ తప్పాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఇంకోసారి రాయడానికి మద్రాసు పోతున్నాడు. ప్లాట్‌ఫారం మీద లాంతరు ఊగింది, బండి కదిలింది.

ఇదంతా నా ఊహ. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడో, తలుపు దగ్గర నిలబడ్డాడో ఎవరికెరుక! 1899లో బెజవాడ, గూడూరు మధ్య పట్టాలు పడ్డాక గోదావరి జిల్లాల నుంచి మద్రాసుకు రైలు దారి మాత్రం ఇదే. బడిలో ఈ కథ మొదలుపెట్టినప్పుడల్లా ఆయన్ని మా స్టేషన్లో ఓ నిమిషం ఆపేవాణ్ణి. పిల్లలు చెవులు రిక్కించేవాళ్లు.

నా దగ్గర చదువుకున్న పొగాకు రైతు ఒకడు మొన్న నీట్ ఫలితాలొచ్చిన వారం కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అయివోరా, రెండేళ్లు లాంగ్ టర్మ్ చేయించా. ఏడొందల ఇరవైకి రెండొందల ముప్పై. క్వాలిఫై అయితే అయినాడు, సీటు యాడొస్తది? పది తప్పినాయన పెద్ద డాక్టరైన కత చెప్పేవోళ్లు గదా, మావోడికి ఓసారి చెప్పండి."

చేతిలో మడత నలిగిన రంగుల కాగితం. కిర్గిజిస్తాన్ కాలేజీది. దాన్ని నా కళ్లజోడు పెట్టె కింద పెట్టాడు.

బడిలో నేను సగం కథే చెప్పేవాణ్ణి. ఆ పూట మొత్తం చెప్పాను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. పదమూడో ఏట ఇల్లొదిలి కాశీకి బయల్దేరాడు, యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని. తల్లి వెంకమ్మ పట్టుకొచ్చి మళ్లీ బళ్లో కూలేసింది. ఇంట్లో వరసగా చావులు. మెట్రిక్ మూడో దండయాత్రలో మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి లెక్కల్లో రాణించాడు. సన్యాసం పుచ్చుకుంటానంటే వెంకమ్మ ససేమిరా అంది. రామకృష్ణ మిషన్ వాళ్లు, ముందు వైద్యం చదువుకో నాయనా, మా ఆసుపత్రులకు పనికొస్తావన్నారు.

"మెట్రిక్ అన్నిసార్లు పోతే మెడికల్ కాలేజీలో ఎట్టా చేర్చుకున్నారు సార్?" కుర్రాడు మొదటిసారి నోరు విప్పాడు.

అప్పుడు నీటూ లేదు, ఎంసెట్టూ లేదు. మెట్రిక్ తప్పినవాడని ఆ గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు. మరి డబ్బు? మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి పెట్టుకున్నారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్లయింది. బడిలో ఈ ముక్క దాటేసేవాణ్ణి. కష్టపడి పైకొచ్చిన కథలో మామగారి డబ్బు ఇమిడేది కాదు.

అసలు దెబ్బ లోపలికి వెళ్లాక తగిలింది. మద్రాసు మెడికల్ కాలేజీ ఆపరేషన్ గదిని తలుచుకోండి. తెల్లటి మిల్లు గుడ్డ కోట్ల వరసలో ఒక్కటే ముతక కోటు. ఉతికిన కొద్దీ పోగులు తేలే ఖద్దరు, ముంజేతి దగ్గర ముడతలు. గాంధీ విదేశీ బట్ట వదలమన్నాడని సుబ్బారావు కత్తి పట్టే చోటా ఖద్దరే తొడిగాడు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి అది కంటగింపయింది. ఆ గదిలో ఆయన నోట ఏం మాటలొచ్చాయో నేను కల్పించి రాయను. చివర్లో జరిగింది చాలు. రాత పరీక్షల్లో బాగానే రాసిన కుర్రాడి చేతికి ఎం.బి.బి.ఎస్‌. రాలేదు. ఎల్‌.ఎం.ఎస్‌. అనే చిన్న పట్టా వచ్చింది.

"ఆకు మంచిదే, గ్రేడు తగ్గించినారు" అన్నాడు రైతు. వేలంలో బేళ్లు పెట్టి రోజంతా నిలబడ్డవాడు కదా, ఇంకేం వివరించక్కర్లేకపోయింది.

ఆ గ్రేడు ఆయన్ని వదల్లేదు. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకున్నాడు. అంతకుముందే స్ప్రూ, అంటే తిన్నది ఒంటబట్టనివ్వని విరేచనాల జబ్బు, ఇద్దరు అన్నదమ్ముల్ని రోజుల తేడాలో తీసుకుపోయింది. తనకీ వస్తే లక్ష్మీపతి గారి వైద్యమే నిలబెట్టింది. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి కొంత, మామగారు కొంత సాయం. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. అక్కడా ఎల్‌.ఎం.ఎస్‌. చూసి హౌస్ సర్జన్‌గా తీసుకోలేదు. పగలు పాఠాలు వినేవాడు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పళ్లేలు కడిగేవాడు.

తర్వాతి సంగతి లోకానికి తెలుసు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఒంట్లో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1940లో లెడర్లే కంపెనీకి మారాక ఆయన బృందం చేతుల మీదుగా బోదకాలు మందు వచ్చింది, క్యాన్సర్‌కీ కీళ్లవాతానికీ ఇవాళ వాడే మెథోట్రెక్సేట్ వచ్చింది, ఫోలిక్ యాసిడ్ తయారీ వచ్చింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి ఆ ఫోలిక్ యాసిడే మందు.

"మీ అమ్మ నిన్ను కడుపుతో ఉన్నప్పుడు ఐరన్‌తో కలిపి మింగింది దాన్నేరా" అన్నాను. కుర్రాడు వాళ్ల నాన్న వంక చూశాడు.

ఇక ఆ రంగుల కాగితం. అందులో లేనివి నేను చెప్పాను. చదువు 54 నెలలకు తగ్గకూడదు, ఆ కాలేజీ తరఫునే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష రాయాలి. 300 ప్రశ్నలు, 150 వస్తేనే పాసు. ఇక్కడ తక్కువొచ్చాయని అక్కడికి పంపితే, మళ్లీ ఇక్కడికొచ్చి తెచ్చుకోవాల్సిందీ మార్కులే.

రైతు అదంతా విని, దేనికీ జవాబివ్వలేదు. కాసేపటికి అడిగాడు.

"ఆయన మళ్లీ ఇంటికొచ్చినాడా అయివోరా?"

బడిలో ఇదీ దాటేసేవాణ్ణి. రాలేదు. శేషగిరిని వదిలి వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ పిల్లాడి మొహం చూడలేదు. భార్యాభర్తలు మళ్లీ కలవలేదు. 1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే పోయాడు, యాభై మూడేళ్లకి.

"ఇరవై ఆరేళ్లు" అన్నాడు రైతు, వేళ్ల మీద లెక్కేసుకుని.

కళ్లజోడు పెట్టె కింద నుంచి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. కొడుకు అప్పటికే గేటు దగ్గర బండి స్టార్ట్ చేస్తున్నాడు.